ఉరుమక్క మింగేసిన మాట

ఉరుమక్క ఇంటి నేల ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది. కింద బట్టలు ఉతికి ఇస్త్రీ చేసే దుకాణం. పొద్దున్నే అక్కడ బాయిలరు వెలిగిస్తారు. ఆవిరి నేల చెక్కల సందుల్లోంచి మెల్లగా పైకి పాకి ఆమె రెండు గదుల్లోనూ పల్చగా నిలబడిపోతుంది. ఆమెవి పాతకాలపు తోలు డ్రమ్ములు. ప్లాస్టిక్ పొరలంటే ఆమెకి పడదు. ఆవిరి తగిలితే తోలు వదులవుతుంది కాబట్టి లేవగానే ఆమె చేసే మొదటి పని మరలు బిగించడం. ఒకచోట వేలితో తట్టి, చెవి ఆనించి, కాస్త బిగించి, మళ్ళీ తట్టి చూస్తుంది. అరవై దాటిన మనిషి కిటికీ వెలుగులో డ్రమ్ము మీదకి వంగి దానికేదో చెవిలో చెబుతున్నట్టు ఉంటుంది. వీధిలో బరువు లారీ పోతే చాలు, ఎవరూ ముట్టుకోకుండానే డ్రమ్ములన్నీ సన్నగా మూలుగుతాయి. "లేచారా?" అంటుంది వాటితో.

ఇంత మెత్తటి మనిషికి ఆ పేరేమిటా అనుకునేరు. నోరు తెరిచేదాకా ఆగండి. ఆ పేరు ఆమె దగ్గర డ్రమ్ములు నేర్చుకునేవాళ్ళు పెట్టింది. వాయించే చేతుల్ని చూసి పెట్టారో, నోటిని చూసి పెట్టారో ఇప్పటికీ ఎవరూ బయటపడరు.

ఏటా సంగీత సంఘం వాళ్ళు తమ గౌరవాలు ప్రకటించగానే ఒక పత్రికాయన ఆమెకి ఫోను చేస్తాడు. ఆయన చేయకపోతే ఆమే చేస్తుంది. "రాసుకోండి" అని మొదలుపెడుతుంది. "పరుగుపందెమైతే నేల మీద గీత ఉంటుంది, ఎవరు ముందు దాటారో కంటికి కనబడుతుంది. పాటకి గీత ఎక్కడ గీశారయ్యా వీళ్ళు? ఒకణ్ణి గొప్పవాడని నిలబెట్టడానికి పదిమందిని కింద కూర్చోబెడతారు, ఆ పదిమందీ చప్పట్లు కొట్టాలి. పోనీ నిలబెట్టినవాణ్ణి పాడనిస్తారా? అదీ లేదు. రికార్డు వేసి, పెదాలు కదపమంటారు. వంట చేసినట్టు నటిస్తే కడుపు నిండుతుందా?" ఈ ఆఖరి మాట ఆయనకి నోటికి వచ్చేసింది. ఆమె అనకముందే రాసేసుకుంటాడు.

అందని ద్రాక్ష పుల్లన అని వెనకాల అనేవాళ్ళు లేకపోలేదు. ఆ మాట ఆమె చెవిన పడకపోనూ లేదు. "అందింది నాయనా, రెండుసార్లు చేతికందింది. వాసన చూసి వదిలేశాను" అనేది. అది నిజమే. రెండుసార్లు పిలిచారు, రెండుసార్లూ వెళ్ళలేదు.

ఒకప్పుడు వాళ్ళ బ్యాండు పేరు మూడో అంతస్తు. పాత గోదాములో మూడో అంతస్తు ఖాళీగా ఉంటే అక్కడ వాయించుకునేవాళ్ళు, అందుకని ఆ పేరే నిలిచిపోయింది. ముగ్గురే మనుషులు. డ్రమ్ముల మీద తను, లావుతీగల గిటారు మీద ఆమె మొగుడు, మామూలు గిటారు పట్టుకుని పాడేది తమ్ముడు. మొగుడు పోయి చాలాకాలమైంది. అతను మాట్లాడిన మాటలన్నీ కలిపితే ఒక పాటకి సరిపడా ఉండవు. మనిషి నెమ్మది, వేళ్ళు ఇంకా నెమ్మది. కానీ అతను పక్కనుంటే కాళ్ళ కింద నేల ఉన్నట్టుండేది ఆమెకి.

తమ్ముడి గొంతు సంగతి వేరు. చిన్నప్పుడు వాడికి ఉబ్బసం. అమ్మ ఆసుపత్రిలో ఆయా, రాత్రి డ్యూటీలు. అక్క పక్కనే పడుకుని వాడి ఊపిరి వింటూ ఉండేది. ఆ గరగరే పెద్దయ్యాక పాటైంది. ఇసుక మీద నీళ్ళు జారినట్టుండే గొంతు. ఆఖరి బస్సు గురించి వాడు పాడిన పాట ఒక ఏడంతా బస్సుల్లో, మంగలి షాపుల్లో, పెళ్ళిళ్ళలో మోగింది. ఆ పాటకి ముందు లెక్క ఉండదు. మిగతా బ్యాండ్లన్నీ ఒకటి, రెండు, మూడు, నాలుగు అని కర్రలు తట్టి మొదలుపెడతాయి. వీళ్ళు ఎన్నడూ లెక్కపెట్టింది లేదు. తమ్ముడి భుజం లేచేది, అంటే గాలి పీల్చాడన్నమాట. ఆ భుజం దిగేచోట అక్క కర్ర దిగేది, వాడి గొంతు తెరుచుకునేది. కొత్తగా చూసినవాళ్ళు ఇదేం మొదలు అని బిత్తరపోయేవాళ్ళు. ఆమెకి వేరే మొదలు తెలీదు.

ఆ గొంతే పోయింది. లోపల ఏదో గడ్డ లేచిందన్నారు, కోశారు, ప్రాణం దక్కింది. గుసగుస ఒక్కటి మిగిలింది. ఇప్పుడు వాడు మాట్లాడితే, ఎదుటివాళ్ళు కూడా తెలీకుండానే గుసగుసగా జవాబు చెబుతారు. "వీళ్ళందరూ నాతో రహస్యాలు పంచుకుంటున్నారే" అని నవ్వేవాడు. పాట ఊసు మాత్రం ఎత్తేవాడు కాదు. వాడు ఎత్తలేదు కదా అని అక్కా ఎత్తలేదు.

ఒక మధ్యాహ్నం సంఘం తరఫున ఒకమ్మాయి మెట్లెక్కి వచ్చింది. చక్కటి పిల్ల, చేతిలో ఫైలు, మాటలో మర్యాద. ఆవిరికి కళ్ళద్దాలు మసకబారితే తుడుచుకుంటూ, ఈసారి జీవితకాల గౌరవం మూడో అంతస్తుకే ఇస్తున్నామని చెప్పింది. ఉరుమక్క టీ పెట్టి ఇచ్చింది. ఇంటికొచ్చినవాళ్ళని టీ ఇవ్వకుండా తిట్టడం ఆమె పద్ధతి కాదు.

"మా ఆయన పేరు కూడా ఉంటుందా?"

"పోయినవాళ్ళకి వేరే విభాగం ఉంది మేడమ్. ఈ ఏడు అది నిండిపోయింది."

"నిండిపోయిందా? అయ్యో. పోయినవాళ్ళ బస్సులో కూడా సీట్లు లేవన్నమాట."

ఆ అమ్మాయి నవ్వాలో వద్దో తెలీక టీ వైపు చూసింది. బ్యాండుకి ఇచ్చే గౌరవం కాబట్టి ఉన్న ఇద్దరూ కలిసి వస్తేనే ఇస్తారట, ఒకరు వస్తే కుదరదట. వేదిక మీద ఆఖరి బస్సు పాట కూడా ఉండాలట. టీవీలో వస్తుంది కాబట్టి పాట రికార్డుది వేస్తారు, డ్రమ్ములకి చప్పుడు రాకుండా స్పాంజి పలకలు పెడతారు. "మీరు ఊరికే వాయిస్తున్నట్టు..." అంటుండగానే ఉరుమక్క చెయ్యి అడ్డం పెట్టింది.

"చల్లారకముందే ఆ టీ తాగి వెళ్ళమ్మా" అంది. గొంతు పెంచలేదు. ఆమె గొంతు పెంచలేదంటే ఇక పని అయిపోయినట్టే.

మర్నాడు మరదలు వచ్చింది, తమ్ముడి భార్య. కళ్ళద్దాల దుకాణంలో పని ఆమెకి, ఏ సంగతినైనా కాస్త దూరంగా పెట్టి చూసి మాట్లాడే మనిషి. వచ్చి కూర్చోలేదు.

"వదినా, మీరు కోప్పడతారని తెలుసు. ఒకసారి మా ఇంటికి రండి. ఏమీ మాట్లాడొద్దు. గది తలుపు దగ్గర నిలబడండి, చాలు."

ఇద్దరూ నడిచి వెళ్ళారు. వాన వెలిసిన వీధి, గోడలన్నీ తడిసి ముదురు రంగులో ఉన్నాయి. ఇంటికి చేరేసరికి వెనక గదిలోంచి పాట వినబడుతోంది. ఉరుమక్కకి కాసేపు కాలం ఎటు నడుస్తోందో అర్థం కాలేదు. అది తమ్ముడి గొంతు. నిండుగా, గరగరగా, ఇరవై అయిదేళ్ళ వయసులో ఉన్న గొంతు. తలుపు దగ్గరకి వెళ్ళి నిలబడింది.

పాత రికార్డు పెట్టుకుని బీరువా అద్దం ముందు తమ్ముడు నిలబడి ఉన్నాడు. చేతిలో మైకుకి బదులు దువ్వెన. కళ్ళు మూసుకున్నాడు. మెడ నరాలు పొంగి ఉన్నాయి, నోరు నిండుగా తెరుచుకుంటోంది, పెదాల దాకా వచ్చినది అక్కడే ఆగిపోతోంది. కానీ అద్దంలో చూస్తే, ఆ మసక వెలుతురులో, పాడుతున్నది వాడే. చరణం దగ్గర వాడి భుజం లేచింది. తలుపు దగ్గర ఉరుమక్క చెయ్యి దానంతటదే పైకి లేచింది. అది చూసి మరదలు మొహం తిప్పుకుంది.

పాట అయిపోయాక వాడు కళ్ళు తెరిచి అద్దంలో అక్కని చూశాడు. దువ్వెన జేబులో పెట్టుకున్నాడు.

"ఎప్పుడొచ్చావు?" అన్నాడు గుసగుసగా.

"పాట మధ్యలో."

"నవ్వుకో."

"నవ్వొస్తే నవ్వేదాన్నే."

వాడు మంచం అంచున కూర్చున్నాడు. "రానన్నావట కదా."

"అన్నాను. ఎందుకన్నానో నీకు తెలీదా? ఇన్నేళ్ళూ ఊరందరికీ వినబడేలా అరిచాను, అది అబద్ధమని. ఇప్పుడు నేనే వెళ్ళి స్పాంజి మీద కర్రలాడిస్తే నా మాటకి విలువేముందిరా? నన్ను చూసి నేర్చుకునేవాళ్ళకి ఏం చెప్పను?"

వాడు జేబులో దువ్వెన తడుముకున్నాడు. తర్వాత, "రికార్డులో ఎవరి గొంతు వేస్తారు?" అన్నాడు.

"నీదే."

"మరి ఎవరిది దొంగిలిస్తున్నాను అక్కా? నా గొంతు వెనక నేను నిలబడతానంటున్నాను. ఒక్కసారి. జనం ముందు. వాళ్ళిచ్చే గాజు బొమ్మ వాళ్ళనే ఉంచుకోమను, నాకు వద్దు."

ఉరుమక్కకి కోపం కన్నా బాధ ఎక్కువైంది. వాడి ఊపిరి లెక్కంతా తన దగ్గరే ఉందని ఇన్నేళ్ళూ అనుకుంది. పక్కవీధిలో వాడు తలుపేసుకుని ఇలా నోరు తెరుస్తున్నాడని ఆమెకి తెలీలేదు. పాట ఊసెత్తకపోతే వాడికి తేలిగ్గా ఉంటుందనుకుంది. ఎవరికి తేలిగ్గా ఉందో ఇప్పుడు అర్థమైంది.

"ఆ బొమ్మ మాత్రం నా ఇంట్లో పెట్టకు" అంది చివరికి. "తుడవలేక చావాలి."

అంటే వస్తానని. తమ్ముడికి అర్థమైంది. తలుపు వెనకాల మరదలికీ అర్థమైంది.

కార్యక్రమానికి ముందురోజు సాధనకి హాలుకి వెళ్ళారు. పెద్ద హాలు, ఖాళీ కుర్చీలు, వేదిక మీద నీలం దీపాలు. ఉరుమక్క డ్రమ్ముల వెనక కూర్చుని స్పాంజి పలక మీద ఒకసారి కొట్టి చూసింది. దిండుని కొట్టినట్టుంది. పళ్ళు బిగించింది. అటు చివర సౌండు మీటల దగ్గరాయన చెయ్యెత్తి పాట వేశాడు. పాట వచ్చేసింది. తమ్ముడి గొంతు హాలంతా నిండిపోయింది. వేదిక మీద మాత్రం అక్కా తమ్ముడూ ఇద్దరూ కొయ్యబొమ్మల్లా ఉండిపోయారు.

మళ్ళీ వేశాడు. మళ్ళీ అంతే. నోరు తెరవకుండానే వాడి గొంతు వినిపిస్తోంది, కర్ర లేవకుండానే డ్రమ్ము మోగుతోంది. సంఘం అమ్మాయి కంగారుగా పరుగెత్తుకొచ్చింది. మీటలాయన మంచివాడే, "చెవిలో పెట్టుకునేది ఇస్తాను, నాలుగు లెక్కపెడతాను, నాలుగు కాగానే మొదలుపెట్టండి" అన్నాడు. లెక్కపెట్టాడు. తమ్ముడు మూడుకే నోరు తెరిచాడు, అక్క అయిదుకి కొట్టింది. ఎన్నడూ లెక్కతో మొదలుపెట్టని మనుషులు కదా, నాలుగంకెలు వాళ్ళకి నాలుగు గోడలైపోయాయి. జీవితకాల గౌరవం అందుకోబోయే ఇద్దరికీ సొంత పాట ఎక్కడ మొదలవుతుందో తెలీలేదు.

తమ్ముడి మొహం చిన్నబోయింది. "పోనీలే అక్కా" అన్నాడు. ఇంత అయ్యాక పోనీలే ఏమిటి?

లేచి, వేదిక దిగి, అంత పొడుగు హాలూ నడిచి మీటల దగ్గరకి వెళ్ళింది. తిట్టడానికే అనుకున్నాడాయన. ఆమె పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"చూడు బాబూ. అదిగో, వాడి ఎడమ భుజం. కనబడుతోందా? నీ లెక్క మర్చిపో, గడియారం మర్చిపో. ఆ భుజం లేస్తుంది. లేచి, దిగబోతుంది చూడు, అప్పుడు నొక్కు."

"అంత కచ్చితంగా ఎలా మేడమ్?"

"ఎవరూ నేర్పకుండా నేను నేర్చుకున్నాను. నీకు నేను నేర్పుతున్నాను. నీకేం నొప్పి?"

వేదిక మీద తమ్ముడు భుజం లేపాడు. ఈయన ఆలస్యంగా నొక్కాడు. మళ్ళీ. ఈసారి ముందే నొక్కాడు. ఆమె ఆయన మణికట్టు పట్టుకుంది, పిల్లలకి కర్ర పట్టడం నేర్పేటప్పుడు పట్టుకున్నట్టు. భుజం లేవగానే తన వేళ్ళు కాస్త బిగించి, దిగేచోట వదిలింది. పాట వాడి నోట్లోంచి వచ్చినట్టే వచ్చింది. నీలం వెలుగులో తమ్ముడు ఉలిక్కిపడి, తన గొంతు తనకే తిరిగొచ్చినట్టు మెడ తడుముకున్నాడు. మీటలాయన తన చేతివంక చూసుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం హాలు నిండిపోయింది. ఉరుమక్క మొగుడి పాత కోటు చేతులు మడిచి వేసుకుంది. వీళ్ళ విభాగంలో అతనికి సీటు లేకపోతే కోటుకైనా ఉండాలి కదా. దీపాలు ఆర్పారు. ఒక్క వెలుగు తమ్ముడి మీద, ఇంకొకటి ఆమె మీద. మధ్యలో అంతా చీకటి. ఆ చీకటిలో ఆమెకి గోదాము కనబడింది, పగిలిన కిటికీ కనబడింది, ఎడమవైపు ఎవరో నెమ్మదిగా లావుతీగ మీటుతున్నట్టే అనిపించింది. తమ్ముడి భుజం లేచింది.

తర్వాత జరిగింది ఆమెకి సరిగ్గా గుర్తులేదు. చేతుల కింద స్పాంజి ఉందన్న సంగతి కొంతదాకా గుర్తుంది, తర్వాత అదీ పోయింది. వాడి వీపు చూస్తూ కొట్టింది. వాడు ముందుకి వంగినచోట వంగింది, వాడు ఆగినచోట ఆగింది. ఆఖరి బస్సు వెళ్ళిపోయింది, దీపాలు వెలిగాయి, జనం లేచి నిలబడ్డారు. తమ్ముడి చొక్కా వీపంతా తడిసి ముద్దయింది. వాడు రొప్పుతున్నాడు.

గాజు బొమ్మ ఇచ్చారు. మైకు తమ్ముడి చేతిలో పెట్టి నాలుగు మాటలు చెప్పమన్నారు. వాడు మైకు అక్క చేతిలో పెట్టి, చెవి దగ్గరకి వంగి, ఆ గుసగుసతో అన్నాడు. "నా పని అయిపోయిందక్కా. ఇక నువ్వు తిట్టుకో."

ఆమె వాడి మొహంలోకి చూసింది. వీడు వెక్కిరించడం లేదు. తన కోసం ఆమె ఏం వదులుకుందో తెలిసే, దాన్ని తిరిగి ఇస్తున్నాడు. మైకు నోటి దగ్గరకి తెచ్చుకుని మొదలుపెట్టింది.

"పిలిచి పెద్దపీట వేశారు, సంతోషం. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అని తెలుసు, అయినా అంటాను. ఈ బ్యాండులో మూడో మనిషి ఉన్నాడు. అతనికి మీ పోయినవాళ్ళ బస్సులో సీటు దొరకలేదట. నేను వేసుకున్నది అతని కోటే. ఇక్కడ కూర్చున్నవాళ్ళలో సగంమంది మా కన్నా బాగా వాయిస్తారు, వాళ్ళ చేత మాకు చప్పట్లు కొట్టించారు. పాటని పాట పక్కన కూర్చోబెట్టండి, పాట నెత్తిన ఎక్కించకండి. పందెం పెట్టాలనుంటే గుర్రాలు తెచ్చుకోండి."

హాల్లో కొందరు నవ్వారు, కొందరు నేల చూశారు, వెనక వరసలో ఎవరో ఈల వేశారు. మూడో వరసలో పత్రికాయన కలం పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ఇక రావలసింది ఆ మాటే, ఏటా వచ్చే మాట. ఇప్పటికే సగం రాసేసుకుని తలెత్తి చూస్తున్నాడు. అది ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. ఇన్నేళ్ళుగా అన్నింటికన్నా గట్టిగా నమ్మిన మాట. ఇప్పుడు స్పాంజి పలక పీకి అందరికీ చూపిస్తే హాలు దద్దరిల్లిపోతుంది.

పక్కన తమ్ముడు చేతిరుమాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. మొహం వెలిగిపోతోంది. కచేరీ అయ్యాక ఎప్పుడూ అలాగే ఉండేవాడు.

కడుపు చించుకుంటే కాళ్ళ మీదే పడుతుంది. ఉరుమక్క నోరు మూసుకుంది.

"అంతే" అంది, మైకు ఇచ్చేసింది.

బయటికి వస్తుంటే పత్రికాయన వెంటపడ్డాడు. "అక్కా, అసలు మాట మర్చిపోయారు. వంట చేసినట్టు నటిస్తే..."

"వయసు మీద పడింది బాబూ, అన్నీ ఎక్కడ గుర్తుంటాయి" అంది, కారు తలుపు తీసుకుంటూ.

సాయంత్రపు వెలుగు రోడ్ల మీద పచ్చగా పరుచుకుని ఉంది. ముందు సీట్లో మరదలు, వెనక అక్కా తమ్ముడూ. గాజు బొమ్మ ఎవరికీ పట్టనట్టు వాడి కాళ్ళ దగ్గర దొర్లుతోంది. కొంతదూరం పోయాక వాడు అక్క వైపు తిరిగాడు. ప్రతి కచేరీ తర్వాతా అడిగే ప్రశ్నే అడిగాడు. అది అడగక ఎన్నేళ్ళయిందో.

"ఎలా పాడాను?"

బాగా పాడావని ఆమె ఎన్నడూ అనలేదు. ఎక్కడో ఒక తప్పు పట్టకుండా వాణ్ణి ఇంటికి పంపలేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కాస్త ఆలోచించింది.

"రెండో చరణంలో శ్రుతి జారింది" అంది.

వాడు తలూపాడు. "నాకూ తెలిసింది. అక్కడ గాలి చాలలేదు."

"గొంతు ఆరిపోయి ఉంటుంది" అని సీసా మూత తీసి ఇచ్చింది. "నీళ్ళు తాగు."